కొనేవాళ్ళను లెక్కపెట్టి, చదివేవాళ్ళు లేరంటారా?

అనకాపల్లి జిల్లా చోడవరంలో పత్రికల ప్రస్తావన ఎక్కడ వచ్చినా చివరికి తేలే మాట ఒకటే. "ఇప్పుడు పేపరు చదివేదెవరండీ? రిటైరైన మాస్టార్లు నలుగురూ, కోర్టు గుమస్తాలు నలుగురూ. కుర్రకారుకు ఫోనుంది. ఆడవాళ్ళు చూస్తే వంటలూ రాశిఫలాలూ చూస్తారు. కూలి చేసుకునేవాళ్ళకు పేపరుతో ఏం పని?" ఏజెంటూ ఇదే అంటాడు, విలేఖరీ ఇదే అంటాడు, ప్రకటన అడగడానికి వెళితే బట్టల షాపు యజమానీ ఇదే అంటాడు. హైదరాబాదు మార్కెటింగ్ విభాగాల్లో ఇదే మాట రంగురంగుల బొమ్మలతో తెర మీదకెక్కుతుంది.

ఈ వాదాన్ని దాని బలంతోనే చెప్పుకుందాం. 2020 లాక్‌డౌన్‌లో పేపరు ముట్టుకుంటే కరోనా అంటుకుంటుందన్న భయంతో చాలా ఇళ్ళు పత్రిక ఆపేశాయి. ఆపేసినవాళ్ళలో మళ్ళీ వేయించుకోనివాళ్ళు తక్కువేం కాదు. తెల్లారకముందే లేచి పేపర్లు వేసే కుర్రాళ్ళు దొరకడం లేదని ఏజెంట్లు మొత్తుకుంటున్నారు. సాయంత్రం జరిగిన సంగతి పడుకునేలోపే ఫోనులోకి వచ్చేస్తోంది. బస్సులో పాతికేళ్ళవాడి చేతిలో పేపరు కనబడటం అరుదే. ఇవన్నీ నిజాలే, వీటితో నాకు పేచీ లేదు. వీటిని పట్టుకుని ఫలానా వయసు చదవదు, ఆడవాళ్ళు చదవరు, ఫలానా వాడ చదవదు అని జనాన్ని గళ్ళల్లో పెట్టి, చదవకపోవడం వాళ్ళ స్వభావమని తేల్చేస్తున్నారే, పేచీ అక్కడ.

1. కొన్నవాడొక్కడే పాఠకుడా?

మన దేశంలో పత్రికలకు రెండు రకాల లెక్కలున్నాయి. 1948లో పుట్టిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అమ్ముడైన కాపీలను లెక్కిస్తుంది. ఇండియన్ రీడర్‌షిప్ సర్వే పన్నెండేళ్ళు దాటినవాళ్ళను కలిసి, ఏం చదివారు, ఎప్పుడు చదివారు అని అడిగేది. మొదటిది సరుకు లెక్క, రెండోది మనుషుల లెక్క. మన రచ్చబండ పండితులు మొదటి లెక్క చూసి రెండోదాని మీద తీర్పు చెబుతున్నారు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర తూచిన చెరకును బట్టి ఊళ్ళో ఎందరు టీలో పంచదార వేసుకున్నారో చెప్పినట్టుంటుంది ఇది.

చోడవరం బస్టాండు దగ్గర టీ కొట్టులో పొద్దున్నే ఒక పేపరు ఎన్ని ముక్కలవుతుందో చూడండి. మొదటి పేజీ ఒకరి చేతిలో, జిల్లా పేజీ ఇంకొకరి చేతిలో, ఆటల పేజీ మూడో మనిషి దగ్గర. సెలూన్‌లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు నిన్నటిదైనా వదలరు. ఏజెంటు పుస్తకంలో మాత్రం ఇదంతా ఒక్క కాపీ. ఒక ఇల్లు చందా మానేస్తే ఆయన "పాఠకుడు పోయాడు" అంటాడు. పోయింది చందాదారు. పాఠకుడు టీ కొట్టుకు మారి ఉండొచ్చు.

ఇక మనుషుల లెక్కే చూద్దాం. గడచిన నెలలో ఒక్కసారైనా దినపత్రిక చదివామన్నవాళ్ళు 2017 సర్వేలో దేశమంతటా 40.7 కోట్లు. 2019 తొలి త్రైమాసికంలో 42.5 కోట్లు. జియో వచ్చి డేటా చవకైంది 2016 సెప్టెంబరులో. ఫోను దెబ్బకు పత్రిక కూలిపోయిందని మనం చెప్పుకునే కాలంలోనే ఈ అంకె పెరిగింది. నెలకోసారి చూసినవాణ్ణి రోజూ చదివేవాడితో సమానం చేయకూడదు, నిజమే. రోజూ చదివేవాళ్ళ అంకె ఇంతకంటే బాగా చిన్నది. అయితే ఆ తేడా చెప్పే సంగతి వేరు. చదవగలిగి, చదవాలనుండి, రోజూ చేతికందనివాళ్ళు కోట్లలో ఉన్నారని అది చెబుతోంది.

సర్వేలు వేదవాక్కులని కూడా అనను. 2014 జనవరిలో వెలువడిన సర్వే మీద 18 పత్రికా సంస్థలు ఉమ్మడిగా విరుచుకుపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద పత్రికలన్నీ 30 నుంచి 65 శాతం దాకా పాఠకులను పోగొట్టుకున్నట్టు అందులో ఉందనీ, చెన్నైలో పుట్టిన ఒక వాణిజ్య దినపత్రికకు చెన్నైలో కంటే మణిపూర్‌లో మూడు రెట్లు పాఠకులు తేలారనీ ఎత్తిచూపాయి. అంకె తమకు నచ్చనప్పుడు లెక్కే తప్పని అరిచిన యాజమాన్యాలు, 'కుర్రాళ్ళు చదవరు, ఆడవాళ్ళు చదవరు' అన్న మాటకు మాత్రం ఏ లెక్కా అడగవు.

కాపీకీ చదువుకూ లంకె ఎంత వదులో మన రాష్ట్రమే 2022లో చూపించింది. గ్రామ, వార్డు వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు చొప్పున ఇస్తూ అప్పటి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ డబ్బు ఒకే పత్రికకు మేలు చేస్తోందని పోటీ పత్రిక కోర్టుకెక్కింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2023లో ఢిల్లీ హైకోర్టుకు బదిలీ అయింది. న్యాయాన్యాయాలు కోర్టు చూసుకుంటుంది. సర్కారు సొమ్ముతో లక్షల కాపీలు అమ్ముడుపోగలవని తెలిశాక, అమ్మకాన్ని చదువరితనానికి కొలబద్దగా పెట్టుకోవడానికి ఎవరికైనా మనసెలా ఒప్పుతుంది?

2. కుర్రాళ్ళ మీద మోపిన నేరం

ఇరవై ఏళ్ళవాడు పేపరు కొనడం లేదు. సరే. 1985లో ఇరవై ఏళ్ళవాడు కొన్నాడా? అప్పుడూ కొన్నది వాళ్ళ నాన్న. కొడుకు నాన్న చేతిలోంచి జారిన సినిమా పేజీ అందుకున్నాడు. చందా కట్టడం ఇల్లు కుదుటపడ్డాక మొదలయ్యే అలవాటు. ఇప్పటి ఇరవై ఏళ్ళవాణ్ణి ఇప్పటి అరవై ఏళ్ళాయనతో పోల్చి తరం చెడిపోయిందనడం తర్కం కాదు. పోల్చదలిస్తే ఆ అరవై ఏళ్ళాయనకు ఇరవై ఉన్నప్పటి సంగతితో పోల్చాలి. ఆ పని ఎవరూ చేయరు, ఎందుకంటే జవాబు అంత ముచ్చటగా రాదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, కుర్రాళ్ళు చదువుతున్నారు. పోటీ పరీక్షల కాలంలో ఏ మండల కేంద్రంలోనైనా శాఖా గ్రంథాలయానికి వెళ్ళి చూడండి. 2019లో లక్షకు పైగా సచివాలయ ఉద్యోగాలకు ప్రకటన వచ్చినప్పుడు, మొన్న 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగినప్పుడు పేపరు బల్లల చుట్టూ కూర్చున్నదెవరు? గ్రూప్స్‌కూ కానిస్టేబులు పరీక్షకూ తయారయ్యేవాళ్ళు సంపాదకీయాలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు. ఈనాడు 'ప్రతిభ', సాక్షి 'భవిత', ఆంధ్రజ్యోతి 'దిక్సూచి' ఎవరి కోసం వెలిశాయి? కుర్రాళ్ళు చదవరని నమ్మే సంస్థలు కుర్రాళ్ళ కోసమే పేజీలు నడపడం చిత్రమే.

ఇక్కడ వచ్చే ఎదురుమాట నాకు తెలుసు: "అది పరీక్ష కోసం బాబూ, అదీ ఒక చదవడమేనా?" మరి పాతతరం దేనికి చదివింది? పదో తరగతి ఫలితాల రోజున హాల్‌టికెట్ నంబరు వెతుక్కోవడానికి పేపరు కోసం ఎగబడిన ఊళ్ళే కదా ఇవన్నీ. అనకాపల్లి మార్కెట్లో బెల్లం ధర కోసం చదివారు, 'కావలెను' ప్రకటనల కోసం చదివారు, ఏ హాల్లో ఏ సినిమా ఆడుతోందో చూసుకోవడానికి చదివారు. అవసరం కోసం తాతలు చదివితే సంస్కారం, అవసరం కోసం మనవలు చదివితే బట్టీయమా?

3. ఆడవాళ్ళూ, వంటల పేజీ

అన్నిటికంటే నిలకడగా చలామణీ అయ్యే అబద్ధం ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగాలి.

1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు 32.7 శాతం. అంటే ముగ్గురిలో ఇద్దరికి చదవడం రాదు. ఆ మరుసటి ఏడే నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలో తాగుబోతు మొగుడి కథ చదివి చర్చించుకుని సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. ఈనాడు 'సారాపై సమరం' పేరుతో రోజూ పేజీ కేటాయించింది. ఒక ఊళ్ళో ఆడవాళ్ళు చేసిన పని ఇంకో ఊరి ఆడవాళ్ళకు పత్రిక ద్వారా తెలిసింది. చదవడం వచ్చినామె రానివాళ్ళకు చదివి వినిపించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ముగ్గురిలో ఒక్కరికే చదువొచ్చిన రోజుల్లో తెలుగు ఆడవాళ్ళు దినపత్రికతో చేయించిన పని అది.

ఆ తర్వాత ఏమైంది? పోరాటం పేజీ పోయింది. చర్మ సౌందర్యం, చీరల మేచింగు, పండగ పిండివంటలు వచ్చాయి. ఆడవాళ్ళకు పాతికేళ్ళుగా ఇచ్చినవి అవే. అవి మాత్రమే ఇచ్చి, చదువుతున్నది అవి మాత్రమే కాబట్టి వాళ్ళకు కావలసింది అవేనని తేల్చారు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసిన అంగన్వాడీ కార్యకర్తలు ఆ రోజుల్లో పేపరులో వెతుక్కున్నది మెంతికూర పప్పునా? డ్వాక్రా సంఘంలో వడ్డీ లెక్కలు చూసే ఆవిడ, పొదుపు రుణం మీద సర్కారు ఏమందో ఎక్కడ చదువుతుంది? ఆమెకు వార్త కావాలి. ఆమెకిచ్చింది అనుబంధం.

వేళ సంగతి ఎవరూ మాట్లాడరు. ఇంటికి పేపరు వచ్చేది పొద్దున ఆరు గంటల ప్రాంతంలో. ఆ గంటలో ఇంట్లో తీరికగా కూర్చునేది ఎవరు, పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు? పేపరు ఆమె చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం, అప్పటికి దాన్ని పాతదంటారు. అచ్యుతాపురం సెజ్‌లో బట్టల ఫ్యాక్టరీకి కంపెనీ బస్సెక్కి పోయే అమ్మాయికి అదీ లేదు. ఆమె గడప దాటాకే పేపరు గడపలో పడుతుంది. ఎవరైనా వచ్చి అడిగితే ఆ ఇంటి జవాబు ఒకటే: "మా ఆయన చదువుతారండీ."

"ఇప్పుడు వాళ్ళకూ ఫోన్లున్నాయిగా" అంటారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-20లో మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలెందరని అడిగింది. 21 శాతం. మగవాళ్ళలో 49 శాతం. ఆ తర్వాత ఈ అంకె పెరిగే ఉంటుంది. కానీ ఫోను వచ్చి ఆడవాళ్ళ చేతిలో పేపరు లాగేసుకుందన్న కథ ఆనాటికే జోరుగా నడుస్తోంది. అప్పటికి అయిదుగురిలో నలుగురు ఇంటర్నెట్ మొహమే చూడలేదు. ఇంట్లో పేపరు మగవాడిది, ఫోనూ మగవాడిదే. రెండూ అందనామెను పట్టుకుని 'ఆసక్తి లేదు' అనడానికి చాలా తెగింపు కావాలి.

4. 'కూలీ జనానికి పేపరెందుకు?'

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో అక్షరాస్యత సుమారు 67 శాతం. మూడోవంతు చదవలేరు, ఒప్పుకుంటాను. మిగతా రెండు వంతుల సంగతి? వాళ్ళకు అడ్డం చదువు కాదు, ధర. ఒక పత్రికకు నెలకు 200 రూపాయలని 2022లో సర్కారే లెక్కగట్టింది. అదే ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 257. రోజు కూలిలో ముప్పాతిక వంతు ఇచ్చి తమ వాడ పేరు కూడా ఎత్తని కాగితాన్ని ఎవరు కొంటారు? చోడవరం మండలంలో చెరకు నరికే మనిషి గోవాడ ఫ్యాక్టరీ బకాయిల వార్త చదవడన్నవాళ్ళు ఆ మనిషి పక్కన ఒక్కసారైనా కూర్చోలేదు.

తమ వాడ పేరు ఎత్తరన్నది ఉత్త నిష్ఠూరం కాదు. 1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేఖరుల జాబితా ముందేసుకుని దళిత విలేఖరి కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదు. రాసేచోట లేనివాళ్ళు చదివేచోట ఎందుకు లేరని అడగడం ఎంతవరకు సబబు?

ఈ ప్రాంతానికి ఈ పాఠం కొత్త కూడా కాదు. 1974కు ముందు విజయవాడలో అచ్చయిన పత్రికలు విశాఖ చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆ రోజుల్లో ఎవరైనా అమ్మకాల పట్టీ చూస్తే ఉత్తరాంధ్రలో చదివే అలవాటే లేదని రాసేసి ఉండేవారు. 1974 ఆగస్టు 10న రామోజీరావు ఈనాడును విశాఖపట్నంలోనే అచ్చువేయడం మొదలుపెట్టి, తెల్లారేసరికి గుమ్మంలో పడేయించారు. చదవరనుకున్న జనం చదివారు. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చి మండలం వార్త, ఊరి వార్త అచ్చయ్యాక పత్రిక పల్లెలోకి దిగింది. మిగతా పత్రికలు ఆ దారే పట్టాయి. ఆ పదిహేనేళ్ళలో జనం స్వభావం మారలేదు. మారినవి పత్రిక వచ్చే వేళా, అందులో కనబడే ఊరి పేరూ.

కొనలేనివాళ్ళ కోసం పెద్దలు ఒక ఏర్పాటు కూడా చేసి పెట్టారు. 1886లోనే విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి 'సరస్వతీ నిలయం' గ్రంథాలయం నెలకొల్పారు. 1960 గ్రంథాలయాల చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయమంది. పంచాయతీలు వసూలు చేస్తూనే ఉన్నాయి, గ్రంథాలయ సంస్థలకు బకాయి పడుతూనే ఉన్నాయి. ఊరి గ్రంథాలయానికి తాళం వేసి, ఊరివాళ్ళు చదవరని నిట్టూర్చే పెద్దమనుషులకు ఈ మండలాల్లో కొదవలేదు.

5. ఫోను చంపిందా?

దీన్ని క్లుప్తంగా తేల్చేయొచ్చు. భీమిలి-నర్సీపట్నం రోడ్డు గోతుల మీద జిల్లా పేజీలో వార్త వస్తే మధ్యాహ్నానికల్లా దాని ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. పంపేది కుర్రాడే. చదివేది కుర్రాళ్ళే. 'పేపర్లో వచ్చింది' అన్నది ఈనాటికీ ఆ గ్రూపుల్లో సాక్ష్యంగా చెల్లుతుంది. ఫోనులో వే2న్యూస్ యాప్ చూసినవాడు కూడా పెద్ద సంగతైతే తెల్లారి పేపర్లో ఎలా వచ్చిందని వెతుకుతాడు. యాజమాన్యానికి డబ్బు రాని చదువు ఇది, ఆ బాధ అర్థమవుతుంది. డబ్బు రాలేదు కాబట్టి అది చదువే కాదంటే ఒప్పుకోవడం కుదరదు. అన్నట్టు, చచ్చిపోయిందంటున్న అచ్చు పత్రిక 2025 తొలి ఆరు నెలల్లో, ఆడిట్ బ్యూరో లెక్క ప్రకారమే, దేశమంతటా 2.77 శాతం ఎక్కువ అమ్ముడైంది. రోజుకు దాదాపు 2.97 కోట్ల కాపీలు. దీన్ని విజయమని చాటనక్కరలేదు, పాడె కట్టడం మాత్రం ఆపొచ్చు.

6. ఈ మాట వల్ల ఎవరికి లాభం?

'వాళ్ళు చదవరు' అన్న మాట ఉత్త కబురైతే ఇంత రాసే పని లేదు. ఆ మాట మీద నిర్ణయాలు జరుగుతున్నాయి. పల్లె చదవదు కాబట్టి జిల్లా పేజీలు తగ్గించారు. ఆడవాళ్ళు రాజకీయం చదవరు కాబట్టి వాళ్ళ పేజీలోంచి రాజకీయం తీసేశారు. కుర్రాళ్ళు పొడుగు వార్త చదవరు కాబట్టి నాలుగు లైన్లకు కుదించారు. మండల విలేఖరికి జీతం ఇవ్వరు, ప్రకటనలు తెమ్మంటారు, చందాలు కట్టించమంటారు. అతను ప్రకటన ఇచ్చే నాయకుడి పుట్టినరోజు రాస్తాడు. ఆ పుట్టినరోజును జనం చదవరు. చదవలేదు కాబట్టి మళ్ళీ పేజీ కోస్తారు.

2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖపట్నం జిల్లాలోంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఏ కాగితానికి ఏ ఆఫీసుకు పోవాలో, ఏ కలెక్టరుకు అర్జీ పెట్టాలో మారింది. ఇలాంటప్పుడు స్థానిక వార్త అవసరం రెట్టింపవుతుంది. ఆ ఖాళీని పత్రిక నింపకపోతే పార్టీల వాట్సాప్ గ్రూపులు నింపుతాయి, ఇప్పటికే నింపుతున్నాయి. వాటికి సంపాదకుడు లేడు, సవరణ వేసే బాధ్యత లేదు. పాఠకుణ్ణి నిందించే సిద్ధాంతం యాజమాన్యానికి ఖర్చు తగ్గిస్తుంది, నాయకుడికి ప్రశ్న తగ్గిస్తుంది. అందుకే అది ఇంత ఆయుష్షుతో తిరుగుతోంది.

రీడర్‌షిప్ సర్వే 2019 దగ్గరే ఆగిపోయింది. అంటే ఈ రోజు వయసుల వారీగా, ఆడామగా వారీగా చెప్పే ప్రతి మాటా కరోనాకు ముందరి అంకె మీదో, ఊహ మీదో నిలబడింది. మళ్ళీ లెక్క తీసేటప్పుడు 'ఏ పత్రిక చదివారు' అన్న ప్రశ్నతో సరిపెట్టవద్దు. మీ ఊరికి పేపరు ఎన్ని గంటలకు వస్తుంది? ఇంట్లో మొదట ఎవరి చేతికి వెళుతుంది, మీ చేతికి ఎప్పుడొస్తుంది? దాని ధర మీ కూలిలో ఎంత? మీ వాడ పేరు అందులో చివరిసారి ఎప్పుడు చూశారు? మీ ఊరి గ్రంథాలయం తెరిచి ఉందా? ఈ జవాబులు వచ్చాక, ఎవరెవరు చదవరో చెప్పండి. అప్పటిదాకా చోడవరం కుర్రాళ్ళ మీదా, ఆడవాళ్ళ మీదా, కూలీల మీదా ఈ నింద వేసే అర్హత ఏజెంటుకూ లేదు, ఎడిటరుకూ లేదు.